బ్యాంకు వాళ్లు వందనాలు చెప్పరు

కొండపల్లి,
సోమవారం.

ఫిన్నీ,

నీ గొంతు వినాలని లేదు, అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాను.

మన చర్చి సంఘంలో పదకొండు మందికి బ్యాంకు పేరుతో ఒకే ఈమెయిల్ వచ్చింది. గుర్తు, రంగులు అచ్చం బ్యాంకువే. సాయంత్రంలోగా లింకు నొక్కి వివరాలు ఇవ్వకపోతే అకౌంటు ఆగిపోతుందట. పంపిన అడ్రసు చూడగానే దొంగ మెయిలని నాకు తెలిసిపోయింది. కానీ నేను ఆగిపోయింది దాని దగ్గర కాదు, మొదటి మాట దగ్గర. పిన్ని ఫోన్లో "వందనాలండీ మణెమ్మ గారూ" అని ఉంది.

ఏ బ్యాంకు వందనాలు చెబుతుంది రా? అది చర్చిలో మనం ఒకరికొకరం చెప్పుకునే మాట.

మణెమ్మ పిన్ని లింకు నొక్కింది. మోకాలి ఆపరేషనుకి దాచుకున్నదంతా పోయింది. "వందనాలు అన్నారు కదమ్మా, మనోళ్లే అనుకున్నా" అని ఏడుస్తోంది. ఆమె ఫోన్లో ఈమెయిల్ పెట్టిచ్చింది నువ్వే.

ఆ పదకొండు మంది ఈమెయిల్ అడ్రసులున్న కాగితం నా బీరువాలో ఉంటుంది. ఈమెయిల్లో క్రిస్మస్ కార్డులు పంపుతానని నువ్వంటే నీకొక్కడికే ఫోటో తీసి పంపాను. ఆ కాగితం ఎవరెవరు చూశారని ఈరోజు పోలీస్ స్టేషన్లో అడిగారు. రెండు పేర్లు రాసిచ్చాను. ఒకటి నాది.

వాళ్లు నీ దగ్గరికి వచ్చేలోపు నువ్వే వెళ్లి చెప్పు. తర్వాత పిన్ని ముందుకు రా.

ఉత్తరం మొదట్లో ఎప్పుడూ రాసే వందనాలు ఈసారి లేవని చూసే ఉంటావు. రాయబోయాను. నీ పేరు పక్కన ఆ మాట పెట్టడానికి అసహ్యం వేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అక్క