ఎర్రపట్టీ ఎన్నోది?

సమద్ మామూకు సలాం,

ఫోన్ చేస్తే పక్కనే కూర్చుని అబ్బా వింటాడని ఉత్తరం రాస్తున్నాను. మీ బాక్సింగ్ హాలు కోసం అబ్బా నేసిన జంఖానాలో, మిడిల్‌వెయిట్‌లో ఎప్పటికీ గొప్పవాళ్లని తాననుకున్న పదిమందికి వరసగా పది రంగు పట్టీలున్నాయి. మూడోది, ఎర్రది, ఫ్రాన్స్ బాక్సర్ మార్సెల్ సెర్డాన్‌ది. బట్టల దుకాణం రామలింగం సేటు, అబ్బా చిన్ననాటి దోస్తు, అది చూసి పెదవి విరిచాడు.

"గౌసన్నా, గెలిచిన బెల్టును ఒక్కసారన్న కాపాడుకోలే. ఎనిమిదో నంబరు సాలు."

"భుజం దెబ్బతిన్నా రింగుల నిలవడ్డడు. మళ్ల కొట్లాడనీకె పోతాంటే విమానం కూలె. పాలిస్టరు అమ్మేటోనివి, నీకేమెరుక?"

ఆ రోజు నుంచి సేటు మా గడప తొక్కలేదు. అబ్బా అలవాటుగా రెండు చాయ్‌లు పెట్టించి, రెండోదీ తానే తాగి, కడుపులో మంట అంటూ నామీద విసుక్కుంటున్నాడు.

నేసింది విప్పలేం కదా. అందుకే నిన్న వాకిట్లో జంఖానా పరిచి, సేటును బతిమాలి పిలిచి అవతలి కొసన కూర్చోబెట్టాను. అటునుంచి ఎరుపు ఎనిమిదోది. వేలుపెట్టి లెక్కించి, "గిప్పుడు సక్కగున్నదన్నా" అన్నాడు. అబ్బా తన కొస నుంచి చూసుకుని, "సేటుకు అకల్ వచ్చింది బిడ్డా, మూడోదేనని ఒప్పుకుండు" అని నా చెవిలో ఊదాడు.

ఆదివారం హాలు తెరిచేప్పుడు ఇద్దరూ వస్తారు. సెర్డాన్ స్థానం మీరెలా లెక్కగట్టినా సరే, వాళ్లను ఒకే వైపు మాత్రం కూర్చోబెట్టకండి. జంఖానాకు మొదలు ఏ కొస అని ఎవరైనా అడిగితే, ఆ రోజుకు మీకు గొంతు పోయింది.

మీ మేనకోడలు