పడిపోయిన తాడి మీదుగా

అక్కుపల్లి,
20-1-2002.

ఈశ్వర్ అన్నయ్యకు,

గౌరి నమస్కారాలు. అమ్మ, వరహాలు చిన్నాన్న, నేను బాగున్నాం. వెరావల్‌లో బోటు పనుల మధ్య నువ్వూ వేళకి తింటున్నావనే అనుకుంటున్నాం. నీ ఉత్తరం అమ్మకి మూడుసార్లు చదివి వినిపించాను. ఆమె దగ్గు తగ్గింది. వలతాడు కోసుకున్న నీ చెయ్యి మానిందో లేదో అడగమంది.

"గీతలు గీయడానికి ఆర్నెల్లు కాశీబుగ్గ ఎల్లాలేటే? స్కేలూ పెన్సిలూ సాలవా?" అని రాశావు. నవ్వుకున్నాను. నేను నేర్చుకుంటున్న కంప్యూటర్ డ్రాయింగ్ కోర్సులో గీత ఒక రకం కాదు అన్నయ్యా. గదిని విడి గీతలతో గీస్తే నాలుగు ముక్కలవుతుంది. పాలీలైన్‌తో గీస్తే గదంతా ఒకటే గీత, ఒక్కసారి పట్టుకుని జరపొచ్చు. ఏ పనికి ఏ గీతో ముందే ఎంచుకుంటే పది నిమిషాల పని, లేకపోతే పూటంతా చెరపడమే. మా త్రినాథరావు మాస్టారి మాట నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను: "రెండు చివరలూ తెలిస్తే లైన్. మొదలు మాత్రమే తెలిస్తే రే. ఏ చివరా తెలియకపోతే ఎక్స్‌లైన్." ఆ చివరిది రెండు చుక్కల మీదుగా పోతుంది, ఎటూ ఆగదు. నల్లటి తెర మీద ఎంత వెనక్కి జరిగి చూసినా ఉంటూనే ఉంటుంది. అనంతం అనే మాట పుస్తకాల్లో చదివాను గానీ కళ్లతో చూడటం అదే మొదలు.

మాస్టారు ఎవరి ఊరు వాళ్లని గీసుకు రమ్మన్నారు. నేనూ చిన్నాన్నా టేపు పట్టుకుని అమ్మవారి గుడి నుంచి ఒడ్డు దాకా కొలిచాం. "సంద్రాన్ని కూడా కొలిసేత్తావేటే?" అని ఆయన ఒకటే వేళాకోళం. నిజంగానే కొలిచాను. నీళ్లు తగ్గి, పడవల దారిలో మునిగుండే నల్లరాయి తల బయటపెట్టినప్పుడు, ఒడ్డున రెండు చోట్ల నిలబడి అది ఏ కోణంలో ఉందో రాసుకున్నాను. ఆ రెండు చోట్ల నుంచి రెండు రే గీతలు వేస్తే, అవి కలిసిన చోటే రాయి. కాలు తడవకుండా దొరికింది.

తర్వాత నాన్న మన ఇద్దరికీ నేర్పిన గుర్తులు. గుడి శిఖరమూ ఒడ్డున పెద్దతాడి చెట్టూ ఒకే వరసలో కనిపిస్తున్నంతసేపూ పడవ రాయికి తగలదు, కదా? తాడి పడిపోయి రెండేళ్లయినా మోడు ఉంది. గుడి మీదుగా, మోడు మీదుగా ఎక్స్‌లైన్ వేశాను. రాయికి నలభై గజాల ఎడంగా సముద్రంలోకి సాగిపోయింది. నాన్న మాట తప్పలేదు.

అక్కడితో ఆగాల్సింది. నా చెయ్యి ఆగలేదు. గుడి మీదుగానే, మోడుకి కాస్త పక్కకున్న పొట్టితాడి మీదుగా ఇంకో గీత వేశాను. అది నల్లరాయి నడుమనుంచి పోయింది. చెరిపి మళ్లీ వేశాను. మళ్లీ అక్కడికే.

అన్నయ్యా, రెండేళ్లుగా నీకు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

నాన్న పోయిన రోజు పొద్దున మంచు పట్టింది. నాన్న కంటికి పొర కదా, పడవ దింపే ముందు రోజూలాగే ఇసుకలోంచి కేకేశాడు. "గౌరీ, తాడి అగుపడతందేటే?" అగుపడని రోజు ఆయన పడవ దింపేవాడు కాదు. నేను అరుగు మీద లైబ్రరీ పుస్తకంలో మునిగి ఉన్నాను. తల ఎత్తకుండానే "అగుపడతంది నాన్నా" అన్నాను. పేజీ తిప్పాక చూశాను. తాడి లేదు. మంచులో దాగిందనుకున్నాను. మంచు విడిచాక కూడా లేదు. రాత్రి గాలికే పడిపోయి ఉంది. మధ్యాహ్నం ఈదురుగాలికి పడిందని ఊరంతా అనుకుంది. నేను కాదనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన మసక కంటికి, మిగిలిన పొట్టితాడే పెద్దతాడి అయ్యింది. దాన్ని గుడితో వరస పెట్టుకుని నేరుగా నల్లరాయి మీదికే వచ్చాడు.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన పడవ పలక చూసి "నేను బిగించిందే ఊడింది" అని నువ్వు తల బాదుకున్నావు. ఆ వారమే రైలెక్కావు, మళ్లీ ఊరి ముఖం చూడలేదు. చిన్నాన్న అటక మీద దాచిన ఆ పలకని నిన్న దించి చూశాను. నడిమికి విరిగింది. నీ మేకులు మాత్రం ఒక్కటీ ఊడలేదు. తప్పు నీ చేతిది కాదు, నా కళ్లది. వచ్చి నువ్వే పట్టి చూసుకో అన్నయ్యా. నన్ను తిట్టాలన్నా వచ్చే తిట్టు.

ఇంకొకటి. నాన్న పోయిన దగ్గర్నుంచీ అమ్మ రోజూ తెల్లారి గుమ్మంలో నిలబడి, అచ్చం నాన్న గొంతుతో అదే మాట అడుగుతుంది. నేనూ తల ఎత్తకుండా "అగుపడతందమ్మా" అనేదాన్ని. నిన్న ఎత్తాను. "లేదమ్మా. ఆ పొద్దు కూడా లేదు" అన్నాను.

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇన్నాళ్లకి సెప్పినావే. నువ్వు తలెత్తనేదని నాకు తెలుసు. పొయ్యికాడ నానూ ఎత్తనేదు," అంది. తర్వాత ఇద్దరం అన్నం తిన్నాం.

ఈ పొద్దున అమ్మ ఇంకా లేవలేదు. అరుగు మీద కూర్చుని నీకిది రాస్తున్నాను. మంచు దట్టంగా ఉంది. ఇందాక ఇసుకలోంచి కేక వినిపించింది. "గౌరీ, తాడి అగుపడతందేటే?"

కలం పక్కన పెట్టి, తల ఎత్తి, బాగా చూశాను.

"లేదు నాన్నా. ఇయ్యాల ఎల్లకు" అన్నాను.

కాసేపటికి, ఇసుక మీద పడవని వెనక్కి లాగుతున్న చప్పుడు వినిపించింది.

ఇట్లు,
అరుగు మీద నీకోసం చూసే చెల్లి,
గౌరి.