మూడోసారి అడగాలి

ఫార్గో, జనవరి 14

గౌరవనీయులైన మిసెస్ టోర్విక్ గారికి,

కిప్ నమస్కారాలు. మీ చర్చి హాల్లో మా ‘తడి మేజోళ్ళు’ రాక్ బ్యాండుకి చోటిచ్చినందుకు కృతజ్ఞతలు. ఇక దెబ్బలాట. మేం “గుడ్ నైట్ డులూత్!” అని మీ ఊరికి చెప్పి వేదిక దిగి, వెనకున్న హీటర్ గదిలోకి వెళ్ళామో లేదో, మీరు లైట్లన్నీ వేసి కుర్చీలు మడతపెట్టించారేం? మా అసలు పాట ఇంకా పాడనేలేదు! న్యూయార్క్ నుంచి రికార్డు కంపెనీ మనిషి ఆ పాట కోసమే వచ్చాడట. ఆయన ముఖం మేమెరగం. ఈ అవకాశం పోతే బ్యాండు మూతే. మా డ్రమ్మర్ డేల్ డ్రమ్ములు అమ్మేసి వాళ్ళ మామ చేపల కొట్లో చేరతానంటున్నాడు.

మీ
కిప్ లండ్‌గ్రెన్

తా.క. మీ కేకు బాగుంది. ఎంత కోపమున్నా నిజం చెప్పాలిగా.

*

డులూత్, జనవరి 18

చిరంజీవి కిప్‌కి దీవెనలు.

గుడ్ నైట్ అన్నది నువ్వు, నమ్మింది నేను. మన పాస్టర్ గారు దీవించి వెళ్ళాక మళ్ళీ వచ్చి ఇంకో ప్రసంగం చేస్తారా? జనం కాళ్ళు నేలకేసి కొడుతుంటే చలికనుకున్నాను. “పిల్లలు అలిసిపోయారు, చప్పుడు చేయకుండా ఇళ్ళకెళ్ళండి” అని పంపేశాను. డేల్ చెమటలు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

ఆర్లిస్ టోర్విక్

తా.క. పల్చటి కోటు వేసుకున్న ఒకాయన ఆగిపోయి కప్పులన్నీ తుడిచిపెట్టాడు. హీటర్లు బాగుచేసేవాడనుకుంటా. ఆ హీటర్ గది గోడకి చెవి ఆనించి కదల్లేదు.

*

ఫార్గో, జనవరి 22

టోర్విక్ గారూ,

మా కొంప మునిగిపోతుంటే హీటర్ మనిషి గొడవ నాకెందుకండీ! మేం వెళ్ళిపోవడం ఉత్తుత్తిదే. జనం రమ్మని అరవాలి, మేం బెట్టు చేయాలి, వాళ్ళు ఇంకా అరవాలి, అప్పుడు రావాలి. మీకు తెలీనిదా? మీరు కేకు పెడితే నేనేమంటాను? “వద్దండీ.” మళ్ళీ అడిగితే, “అబ్బే, వద్దు.” మూడోసారి అడిగితే, “పోనీ, చిన్న ముక్క” అని పళ్ళెం ఖాళీ చేస్తాను. మొదటి వద్దుకే పళ్ళెం ఎత్తుకెళ్ళిపోతే? మీరు చేసింది అదే! ఆ గదిలో మాకు ఏడుపొచ్చి, గిటార్లకి కరెంటు తగిలించకుండానే ఆ పాట మాకు మేమే పాడుకున్నాం.

కిప్

తా.క. డేల్ తన మామకి ఫోన్ చేసి, కొట్లో వేసుకునే ఏప్రన్‌కి కొలతలిచ్చేశాడు.

*

డులూత్, జనవరి 25

నాయనా కిప్,

కేకు లాంటి వ్యవహారమని ముందే చెప్పొచ్చుగా! చేతులు పట్టుకుని లాక్కొచ్చి పాడించేదాన్ని.

ఇంకా వినాల్సింది ఉంది. ఆ పల్చటి కోటాయన కప్పు తుడుస్తూ తుడుస్తూ ఆగి, నన్ను మాట్లాడొద్దని సైగ చేశాడు. గోడవతల మీ పాట. నాకూ ఏడుపొచ్చింది. అయ్యాక, “ఈ కుర్రాళ్ళకి నా దగ్గర పనిస్తాను, వస్తారా?” అన్నాడు. హీటర్ల పని కాబోలనుకుని, మర్యాదగా “అబ్బే, మీకెందుకు శ్రమ” అన్నాను. మళ్ళీ అడిగాడు. “వద్దులెండి” అన్నాను. ఈసారి అడిగితే సరే అందామని నిలబడ్డాను. ఆయన కార్డు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు! పాపం, న్యూయార్క్‌లో ఎవరూ నేర్పలేదేమో.

నీ ఉత్తరం చదివాక కళ్ళజోడు పెట్టుకుని ఆ కార్డు చూశాను. అది పాటల కంపెనీది! ఫోన్ చేసి, “నాయనా, మొన్నటి మాట ఇంకొక్కసారి అడుగు” అన్నాను. అడిగాడు. “పోనీ, సరే” అన్నాను. వచ్చే గురువారం కాగితాలు పట్టుకుని మన హాలుకే వస్తున్నాడు. మీరూ వచ్చేయండి.

మీ
ఆర్లిస్ టోర్విక్

తా.క. సంతకం పెట్టమన్నప్పుడు ఒక్కసారి కూడా వద్దనకండి. ఆ మర్యాదంతా నా కేకు దగ్గర చూపించండి.