ఒక్క కాలే వాచింది

అన్నయ్యకు, వదినకు రాజ్యం నమస్కారాలు. అందరూ కులాసా అని తలుస్తాను. వదినకు నెలలు నిండుతున్నాయి కదా, ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను, బెంగపడకండి. గుంటూరు ఎండకు ఒళ్ళు అలవాటు పడింది, మెస్సు కూరలకే నాలుక ఇంకా పడలేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పండుమిరప పచ్చడి పంపు. ఆస్పత్రిలో ఆయా పని కష్టమే కానీ, ఆదివారాలు ఏమీ తోచక ఏడుపొస్తుంది.

ఇక్కణ్ణుంచి వదినకు కూడా చదివి వినిపించు. మన నాగమణక్క అత్త మా వార్డులోకే వచ్చింది, మోకాలి ఆపరేషన్‌కు. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. పాపం పండింది అనుకున్నాను.

ఆపరేషనైన నాలుగో రోజు ఆమె పిక్క వాచింది. ఒక్క కాలే. బిగుసుకుని, ఎర్రబడి, ముట్టుకుంటే వేడి. తల్లి కాలికి రుద్దడానికి బావ ఎక్కడో ఆముదం కాచి తెచ్చాడు. అక్కకు జరిగింది కూడా ఇదే కదా! ప్రసవమైన పదో రోజున ఒక కాలు వాస్తే, "బాలింత వాపులే, మంచం దిగమాక" అని ఈవిడే ఆముదం పెట్టి రుద్దింది. మర్నాడే అక్క ఆయాసపడుతూ పోయింది. కాలి లోపలి నరంలో రక్తం గడ్డకడితే అలా వాస్తుందనీ, రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడుతుందనీ ఇక్కడ పనిలో చేరాక నర్సమ్మ చెబితేనే నాకు తెలిసింది.

నీకు అబద్ధం చెప్పను. బావ నూనె అరచేతిలో పోసుకుంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. రుద్దనీ, అనుకున్నాను. కానీ ఇప్పుడే చస్తే, తను చేసిందేమిటో తెలియకుండానే పోతుంది. అదెందుకు ఒప్పుకుంటాను? "బావా, చెయ్యి తియ్యి! రుద్దితే చచ్చిపోద్ది!" అని అరిచి డాక్టరు కోసం పరిగెత్తాను. స్కాన్ తీసి గడ్డేనన్నారు. గడ్డ పెరగకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు. బతికింది.

బతికించి ఊరికే వదులుతానా? మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. "నాకు తెలవదే తల్లీ" అని ఏడ్చింది. నాకు జాలి వెయ్యలేదు.

"ఇప్పుడు తెలిసిందిగా అత్తా! ఊళ్ళో ఏ బాలింతకు కాలు వాచినా నువ్వే పోయి చెప్పాల. రుద్దమాకండి, ఇప్పుడే ఆస్పత్రికి పదండి, నా కోడల్ని నేనిట్టాగే చంపుకున్నా అని చెప్పాల" అన్నాను. మనవడి మీద ఒట్టు వేయించుకున్నాను.

శుక్రవారం ఇంటికి పంపుతున్నారు. ముందు మన గుమ్మానికే రమ్మన్నాను. అమ్మకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు, మీ దీవెనలు నాకు ఉండాలి. వదినను ఎదురుగా కూర్చోబెట్టి ఆమె మాటలు మొత్తం వినండి. కోడల్ని చంపుకున్న మాట మింగేసిందంటే నాకు ఒక ముక్క రాయి. నేనే వచ్చి చెప్పిస్తాను.

ఇట్లు,
మీ చెల్లెలు
రాజ్యం