సాంబారు గంగాళం మోసేవాళ్ల కుశలం

సూరి బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆసుపత్రి బయట రోగుల బంధువులకు మన నిమ్‌పురా సంఘం ఇప్పటికీ మధ్యాహ్నం భోజనం పెడుతోంది. సాంబారు గంగాళానికి ఒకవైపు పిడి నాదే. నీ వైపు పిడికే మనిషి నిలవడం లేదు.

ఈమధ్య కొత్త కార్యదర్శి లక్ష్మి ఒక నోటుపుస్తకం తెచ్చింది. వడ్డించే మమ్మల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతోంది.

"తాతా, నిద్ర పడతందా? మోకాళ్లు ఎలాగున్నాయి?"

నాకు అనుమానం వచ్చింది. రైల్వేలో మన ఆరోగ్యం అడిగారంటే ఇంజను మీంచి దింపడానికే కదా! కళ్ల పరీక్షకు ముందు మనిద్దరం అక్షరాల పట్టిక బట్టీ పట్టిన సంగతి... సరే, అది వేరే కథ. "అంతా ఠీక్ హై" అని, ఒక గుంజీ కూడా తీసి చూపించాను. లేవడానికి మాత్రం గోడ పట్టుకోవలసి వచ్చింది.

"ఎందుకే ఇదంతా? ముసలోల్లని గెంటీడానికేటి?" అన్నాను.

"కాదు తాతా. సూరి తాత కూడా ఠీక్ హై అనే అన్నాడు. మేం మళ్లీ అడగనేదు."

బావా, నువ్వు పోయిన రోజు ఉదయం గుండెలో నొప్పిగా ఉందని నువ్వు నాతో చెప్పావు. తెలిస్తే గంగాళం పట్టనివ్వరని, ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు.

లక్ష్మి చేత నా మోకాలి నొప్పి రాయించాను. మంగళవారాలు సెలవు ఇచ్చింది. నా అనుమానం ఇంకా పోలేదు. బుధవారం అందరికన్నా ముందే వెళ్లి నా పిడి పట్టుకుని నిలబడతాను.