కంప్యూటర్ తెరుచుకోలేదు

బావా, కంప్యూటర్ ముట్టుకోవద్దు. ఎప్పుడూ లేనిది, పొద్దున ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగింది. ఇంట్లో అందరి పేర్లూ కొట్టి చూశాం, ఏదీ కుదరలేదు. ఇంకోసారి తప్పు కొడితే మొత్తం లాక్ అవుతుందట. ఆవడి ఫ్యాక్టరీ గేటులోనే నీ ఫోన్ తీసి పెట్టేసుకుంటారు, ఇంకెవరిని అడగను? మన పాప తనుశ్రీ కౌన్సెలింగ్‌కు కాలేజీల పేర్లు ఈ సాయంత్రం ఐదులోపు ఎక్కించాలి. ఇద్దరం తిరుత్తణి బ్రౌజింగ్ సెంటర్‌కు వెళ్తున్నాం. రసం వేడి చేసుకుని తిను.

కోకిల

ఇంకో మాట. చెప్పులేసుకుంటూ పాప అడిగింది: "అమ్మా, నేను దూరం కాలేజీకి పోకూడదని నాయనే పాస్‌వర్డ్ పెట్టినాడా?"

"ఛీ, అట్లా అనొద్దు" అన్నాను. గట్టిగా మాత్రం అనలేకపోయాను, బావా.