నోరులేని దెయ్యాలు

హెడ్మాస్టరు గారికి, డ్రాయింగు టీచరు నమస్కారాలు.

మూడో తరగతి గోడ మీది దెయ్యాలకి నోళ్ళెందుకు లేవని కోప్పడ్డారట. తప్పు నాదేనండి. బోర్లించిన గిన్నెలా తల, కింద అలల అంచు, గుండ్రటి కళ్ళు, ఇంత నవ్వు పెడితే దెయ్యం కూడా చుట్టమైపోతుందని నేర్పాను. "మీకెవరంటే భయమో వాళ్ళ పోలికలు పెట్టండి, భయం పోతుంది" అని కూడా నోరుజారాను. ముప్పై మందీ కళ్ళజోడు, గుబురు మీసం, తాళాలగుత్తి గీసేశారు. నవ్వు దగ్గరే ఆగిపోయారు. చూడని పోలిక గీయకూడదన్నది నా క్లాసులో రూలు. "సార్ నవ్వడం మేమెప్పుడూ చూడలేదు టీచర్" అన్నారు.

బొమ్మలు తీసెయ్యమంటే తీసేస్తాను. కానీ ముందు, రేపు పొద్దున్న ఒక్క నిమిషం మా గుమ్మం దగ్గర ఆగండి సార్. పెన్సిళ్ళు చెక్కుకుని కూర్చుంటాం.